రెండో గేటు రత్నాలు ఒప్పుకున్నది

కొర్రా రత్నాలు గురించి ఒకసారి పేపర్లో వచ్చింది. 2003లో, జిల్లా ఎడిషన్ మూడో పేజీలో. కొండ మీది అమ్మాయి ఓడరేవులో ఉద్యోగానికి వెళుతోందని నాలుగు పేరాలు రాసి, పాడేరు శిక్షణ కేంద్రంలో ఆమెను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ఫొటో తీశారు. ఆ వేళ కరెంటు లేదు. ఫొటోలో తెర నల్లగా ఉంటుంది, ఆమె మాత్రం ఏదో చదువుతున్నట్టు దాని వంకే చూస్తూ ఉంటుంది. మూడేళ్ల తర్వాత ఆ ఉద్యోగం పోయినప్పుడు ఏ పేపరూ ఒక్క ముక్క రాయలేదు. నేను రాస్తున్నది ఆ రాయని భాగం.

ఆమెది పెదబయలులో జీపు దిగి రెండు గంటలు నడిస్తే వచ్చే ఊరు. ముప్పై గడప. ఆశ్రమ పాఠశాలలో పది, పాడేరులో ఇంటరు చదివింది. 2002లో గిరిజన యువతకు కంప్యూటర్ కోర్సు పెడితే చేరింది. పన్నెండు యంత్రాలు, అందులో ఐదు పనిచేసేవి, వాటికి ఇరవై రెండు మంది. ఆ ఇరవై రెండు మందిలో ముగ్గురిని కోస్తాలో కొత్తగా లేచిన ఒక ప్రైవేటు రేవువాళ్లు కాంట్రాక్టు మీద తీసుకున్నారు. గిరిజనులకు ఉపాధి కల్పిస్తామని వాళ్లు ఎక్కడో ఏదో కాగితం మీద రాసిచ్చారట, దాని చెల్లింపు ఇది. ఉక్కపోత పడలేక ఇద్దరు దసరాకే కొండెక్కేశారు. రత్నాలు ఉండిపోయింది.

రెండో గేటులో ఆమె పని. కంటైనర్ లారీలు వరసగా వచ్చి కిటికీ ముందు ఆగుతాయి. డ్రైవరు కాగితాలు అందిస్తాడు. లారీ నంబరు, డ్రైవరు పేరు, కంటైనర్ నంబరు కొట్టి, చీటీ అచ్చు తీసి ఇస్తే గేటు లేస్తుంది. ఆమె వేళ్లు చురుకైనవి. డ్రైవర్లు పక్క కిటికీ ఖాళీగా ఉన్నా ఆమె వరసలోనే నిలబడేవారు. మచ్చ లేకుండా మూడేళ్లు చేసినవాళ్లకు స్కేలు ఇస్తామని, అంటే పర్మినెంటు చేస్తామని రేవువాళ్లు చెప్పారు. రత్నాలుకు ఆ గడువు 2006 సెప్టెంబరు. వాళ్ల ఊళ్లో అంతవరకూ నెల తిరిగేసరికి జీతం వచ్చే మనిషి పుట్టలేదు.

2004 జూలై నుంచి ప్రపంచంలోని రేవులన్నిటికీ కొత్త భద్రతా నిబంధనలు వచ్చాయి. అమెరికాలో విమానాలను భవనాల మీదికి తోలిన తర్వాత, అదే పని ఓడలతోనూ చేస్తారేమోనన్న భయంలోంచి పుట్టిన నిబంధనలు. రేవు చుట్టూ కంచె ఎత్తు పెరిగింది. మెడల్లో ఫొటో కార్డులు వేలాడాయి. భద్రత మనందరి బాధ్యత అని మూత్రశాల గోడ మీద కూడా పోస్టర్ అంటించారు. కంప్యూటర్ ముట్టుకునే ప్రతి మనిషికీ సొంత పాస్‌వర్డు ఇచ్చి, దాన్ని ప్రాణం పోయినా ఇంకొకరికి చెప్పనని సంతకం పెట్టించుకున్నారు. ఇవన్నీ సరిగా నడుస్తున్నాయా లేదా అని ఏటా ప్రభుత్వం నుంచి ఒక బృందం వచ్చి చూసి వెళుతుంది.

కాగితాల్లో ఎక్కడన్నా తేడా ఉంటే కంప్యూటర్ లారీని ఆపేస్తుంది. అలా ఆగినదాన్ని వదలాలంటే సూపరింటెండెంటు పాస్‌వర్డు కొట్టాలి. ఆ సూపరింటెండెంటు సింహాచలం అనే ఆయన, భీమిలి వైపు మనిషి. ఆయన కూర్చునేది ఆఫీసు భవనంలో. అక్కడి నుంచి రెండో గేటు కిలోమీటరున్నర. మొదటి వారం లారీ ఆగినప్పుడల్లా స్కూటరు వేసుకుని వచ్చాడు. రెండో వారం ఒక చీటీ తెచ్చి గోడ మీది క్యాలెండరు వెనక దోపాడు.

"ఇదిగో గుంటా, ఇది నా పాస్‌వర్డు. లారీ ఆగితే నువ్వే కొట్టీ. నన్ను పిలవకు."

"ఎవులికీ సెప్పొద్దని సంతకం సేసినాం కదా సార్."

"నువ్వు ఎవులివే? నా పనే కదా నువ్వు సేత్తన్నావు? నీకు సెప్తే నాకు నేను సెప్పుకున్నట్టే. బేగి వదులు లారీల్ని. అవతల మేనేజరు నా నెత్తి తినేత్తన్నాడు."

పాస్‌వర్డు ఆయన మనవరాలి పేరు, పక్కన ఒకటి. నెలకోసారి మార్చాలన్నది నిబంధన కాబట్టి తర్వాతి నెల ఒకటి రెండయింది, ఆపై నెల మూడయింది. క్యాలెండరు వెనక చూడాల్సిన అవసరం కూడా తీరిపోయింది. ఆ పాస్‌వర్డు కొట్టింది రత్నాలు ఒక్కతే కాదు, మిగతా షిఫ్టులవాళ్లూ కొట్టారు. కాకపోతే ఆమె కొట్టేముందు కాగితాలు చదివేది. లారీ నంబరులో ఒక అంకె తారుమారైతే ఒక రకం, కంటైనర్ తలుపుకు వేసిన సీలు నంబరు తేడా వస్తే ఇంకో రకం అని ఆమెకు తెలుసు. సీలు తేడా వచ్చిన రెండు లారీలను పక్కన పెట్టించి, డ్రైవర్లు ఎంత తిట్టినా కదలనివ్వలేదు. ఆ గేటులో భద్రత అనేది ఏమన్నా ఉందంటే అది ఆ పిల్ల కళ్లల్లో ఉంది. ఈ మాట ఏ నివేదికలోనూ లేదు.

2006 జూన్‌లో తనిఖీ బృందం వచ్చింది. దాని పెద్ద నతానియేల్ గారు, నౌకాదళంలో కమాండరుగా చేసి ఢిల్లీలో స్థిరపడిన గుంటూరు మనిషి. ఆయన వెంట వచ్చిన కుర్ర ఇంజనీర్లు కంప్యూటర్ రికార్డులు అచ్చు తీసి చూశారు. ఏప్రిల్‌లో సింహాచలం పిత్తాశయం ఆపరేషన్‌కని పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ పన్నెండు రోజులూ ఆయన పాస్‌వర్డు రెండో గేటులో లారీలను వదులుతూనే ఉంది.

మర్నాడు సమావేశం. ఆ సాయంత్రమే సింహాచలం గేటు సిబ్బందిని క్యాంటీన్ వెనక్కి పిలిచాడు.

"రేపు ఆయన ఎవులు సేసినారని అడుగుతాడు. ఎవులూ నోరు మెదపొద్దు. సాఫ్ట్‌వేర్‌లో లోపం అని మేనేజరు కాయితం తయారు సేసీసినాడు. ఆల్లు అడగడానికి వొస్తారు గానీ జవాబు కోసం రారు. మద్యాన్నం బోయినం సేసి విమానం ఎక్కీస్తారు."

"మరి అడిగితే సెప్పకపోతే ఎలాగ సార్?" అంది రత్నాలు.

"ఎలాగేటి? గమ్మునుంటే సరి." అంతలో ఆమె మొహం చూసి అనుమానమొచ్చింది. "ఒలే, నువ్వు గానీ వాగీగలవు. నీ స్కేలు కాయితం నా బల్ల మీదే ఉంది, గేపకం ఎట్టుకో."

ఇంతవరకూ విన్నవాళ్లు తర్వాత జరిగింది విని, పాపం అమాయకురాలు అంటారు. ఏజెన్సీ మనుషుల గురించి మైదానంవాళ్లు ఎంతో ప్రేమగా వాడే మాట అది. నాకు ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది. రత్నాలు అమాయకురాలు కాదు. ఆమెకు ఒక న్యాయం తెలుసు, దాని నియమాలు తెలుసు. ఆ నియమాలను తు.చ. తప్పకుండా పాటించింది. ఆ న్యాయం ఎలాంటిదో చెప్పాలి, లేకపోతే ఆమె చేసిన పని అర్థం కాదు.

ఆమెకు తొమ్మిదేళ్లప్పుడు తండ్రి సుక్రు పోడుకు నిప్పు పెట్టాడు. గాలి తిరిగి మంట గట్టు దాటింది. పక్కవాళ్ల జీలుగు చెట్టు కాలిపోయింది. జీలుగు అంటే కల్లు గీసే చెట్టు, ఎదగడానికి పదిహేనేళ్లు పడుతుంది, ఒక ఇంటికి అది పాడి గేదెతో సమానం. నిప్పు పెట్టడం ఎవరూ చూడలేదు. ఊరు కూడింది.

"మాను కాలిపోనాది. ఎవులు సేసినారో ఆల్లే లెగండి" అన్నాడు ఊరి పెద్ద.

సుక్రు లేచాడు. "నానే. గాలి సూసుకోనేదు."

తప్పు కట్టమన్నారు. తప్పు అంటే అక్కడ నేరమూ అదే, దానికి కట్టేదీ అదే. సుక్రు ఒక మేకను ఇచ్చాడు. దాన్ని అక్కడే కోసి వండి, చెట్టు పోయినవాడూ కాల్చినవాడూ పక్కపక్కన కూర్చుని తిన్నారు. తిన్నాక ఆ సంగతి ఇక లేదు. ఎవరూ ఎత్తకూడదు. నెల తిరగకముందే రత్నాలు మేనత్త ఈశ్వరమ్మ ఊట దగ్గర ఎవరితోనో గొడవపడి "పోయే, జీలుగు కాల్చీసినోలకి మీరేటి తక్కువ?" అని నోరుజారితే, మళ్లీ ఊరు కూడి ఆమెచేత కోడిని పెట్టించారు. ఎత్తింది సొంత అన్న సుక్రు సంగతే కదా అన్నా వినలేదు.

ఇంకో నియమం కూడా ఉంది. ఎవరి తప్పు వాళ్లే చెప్పుకోవాలి. ఇంకొకడి తప్పును వాడు లేవకముందు బయటపెట్టడం వేరే తప్పు.

సమావేశం ఏసీ హాల్లో జరిగింది. మేనేజరు సాఫ్ట్‌వేర్ లోపం కాగితం చదివాడు. నతానియేల్ గారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"చూడండి, నేను ఎవరినీ శిక్షించడానికి రాలేదు. జరిగింది జరిగినట్టు తెలిస్తే దిద్దుకోవచ్చు. అందరం ఒక కుటుంబంలాంటివాళ్లం. ఆ పన్నెండు రోజులు ఈ పాస్‌వర్డు వాడింది ఎవరు?"

తనిఖీకి వెళ్లిన ప్రతిచోటా ఆయన ఇదే మాట అంటారు. అది ఆయన ఉద్యోగంలో భాగం, చేతిలో ఫైలు లాంటిది. రత్నాలుకు మాత్రం అది ఊరి పెద్ద గొంతులా వినబడింది. ఆమె లేచి నిలబడింది.

"నానే సార్."

హాల్లో ఇరవై మంది. నతానియేల్ గారికి ఇరవై ఏళ్ల సర్వీసులో ఇలా లేచిన మనిషి తగిలి ఉండరు. మళ్లీ కళ్లద్దాలు పెట్టుకున్నారు.

"నీ పేరేంటమ్మా?"

చెప్పింది.

"అది సూపరింటెండెంటు గారి పాస్‌వర్డు. నీకెలా తెలిసింది?"

రత్నాలు సింహాచలం వైపు చూసింది. ఇప్పుడు ఆయన వంతు. తనది తను చెప్పింది, ఆయనది ఆయన చెప్పాలి. ఆమె ఆగింది. సింహాచలం ఫైల్లో ఏదో కాగితం కోసం వెతుకుతున్నాడు. ఇంకాసేపు ఆగింది. ఆయన వెతుకుతూనే ఉన్నాడు.

"తెలిసింది సార్" అంది.

"అంటే?"

"తెలిసింది."

ఒక కుర్ర ఇంజనీరు అది ఇంగ్లిషులో టైపు చేసి తెచ్చాడు. ఆమె సంతకం పెట్టింది. నతానియేల్ గారు ఆమె నిజాయితీని మెచ్చుకుని అందరిచేతా చప్పట్లు కొట్టించారు. తన కార్డు కూడా ఇచ్చారు. తర్వాత టీ, సమోసాలు వచ్చాయి. సింహాచలం స్వయంగా ప్లేటు పట్టుకొచ్చి ఆమె ముందుంచాడు. ఆమె వెంటనే ముట్టలేదు. ఆయన తింటాడా లేదా అని చూసింది. ఆయన ఒకటి తీసుకుని విరిచి సగం నోట్లో పెట్టుకున్నాడు. అప్పుడు ఆమె తింది. మేనేజరు తిన్నాడు, నతానియేల్ గారు తిన్నారు. అందరూ ఒకే గదిలో తిన్నారు. సంగతి ముగిసిందని ఆమెకు పూర్తి నమ్మకం కుదిరింది. ఆ సాయంత్రం డ్యూటీలో నవ్వుతూ పనిచేసిందని రెండో గేటు గార్డు కనక నాతో చెప్పింది.

పంతొమ్మిదో రోజున ఉత్తరం వచ్చింది. పై అధికారి పాస్‌వర్డును అనధికారికంగా సంపాదించి వాడినట్టు స్వయంగా అంగీకరించినందున కాంట్రాక్టు రద్దు. లోపలికి రాకుండా ఫొటో కార్డు రద్దు. భవిష్యత్తులో ఏ రేవులోనూ పనికి తీసుకోకూడని వాళ్ల జాబితాకు పేరు పంపడమైనది.

సమాచార హక్కు చట్టం కింద అడిగితే ఆ తనిఖీ నివేదికలో నాలుగు పేజీలు నాకు ఇచ్చారు. లోపం అన్న చోట: ఒకటి. కారణం అన్న చోట: మానవ తప్పిదం, కాంట్రాక్టు సిబ్బంది. చర్య అన్న చోట: తొలగింపు. ప్రస్తుత స్థితి: పరిష్కృతం. రెండో గేటుకీ సూపరింటెండెంటు గదికీ మధ్య కిలోమీటరున్నర దూరం ఉందన్న ఒక్క వాక్యం ఆ నాలుగు పేజీల్లో లేదు. గంటకు ఎన్ని లారీలు ఆగుతాయో లేదు. తనిఖీ బృందం ఆ గేటు దాకా నడవనే లేదు. ఎండ. రేవుకు ఆ ఏడు పూర్తి మార్కులు వచ్చాయి. సింహాచలానికి ఒక మందలింపు కాగితం, ఆరు నెలల తర్వాత ముంబైలో శిక్షణ, తిరిగొచ్చాక రేవు మొత్తానికి కంప్యూటర్ భద్రతాధికారి పదవి.

రత్నాలు పాడేరు వచ్చి బస్టాండు పక్క ఎస్టీడీ బూత్ నుంచి ఢిల్లీకి ఫోన్ చేసింది. మూడో రోజున నతానియేల్ గారు దొరికారు.

"గుర్తున్నావమ్మా. చాలా మంచి పని చేశావు."

"నన్ను తీసీసినారు సార్."

"అయ్యో. తీసేయమని నేను రాయలేదే. నేను లోపం రాశాను, మనుషుల గురించి రాయను."

"మరి తీసీయొద్దని రాయండి సార్."

"అది వాళ్ల అంతర్గత విషయం. మేం పర్యవేక్షించేది వ్యవస్థను."

"శిక్షించడానికి రాలేదని మీరే అన్నారు కదా సార్."

"నేను శిక్షించలేదు కదమ్మా."

ఈ మాటలో అబద్ధం లేదు. అందుకే దాన్ని క్షమించడం కష్టం. ప్రభుత్వం చూసింది, రాసింది, వెళ్లింది. రేవు చదివింది, ఒక మనిషిని కోసి పళ్లెంలో పెట్టి చూపించింది, మార్కులు తెచ్చుకుంది. ఎవరి పని వాళ్లు చేశారు.

ఆ ఏడాది డిసెంబరులో పాడేరులో ఒక ఆఫీసుకు టైపు చేసేవాళ్లు కావాలన్నారు. అనుభవ పత్రం తెమ్మన్నారు. రత్నాలు దానికోసం మళ్లీ రేవుకు వెళ్లింది. గేటులో కనక ఆపింది.

"ఏటి సేత్తావే వొచ్చి? ఇటు సూడు." గార్డు గదిలో గోడ మీద అంటించిన కాగితం చూపించింది. రానివ్వకూడని మనుషుల ఫొటోలు నాలుగు. మూడు దొంగతనాలవి. నాలుగోది రత్నాలు.

"ఒక్క కాయితం కోసమే అక్కా. నువ్వు లోనకెల్లి అడుగు."

"నానెల్తే నా బొమ్మ ఐదోది అవుద్ది."

మధ్యాహ్నం దాకా రోడ్డు అవతల నిలబడింది. భోజనం వేళకు సింహాచలం కారు బయటికొచ్చింది. స్కూటరు పోయి కారు వచ్చింది. ఆమెను చూసి అద్దం సగం దించాడు.

"సర్టిఫికెట్టు కావాలి సార్. మూడేళ్లు సేసినాను కదా."

"ఏమని రాయమంటావే? నా పాస్‌వర్డు దొంగిలించిందని రాయనా?"

"మీరే కదా సార్ ఇచ్చినారు!"

"ఆ వేళ సెప్పవలిసింది. అప్పుడు సెప్పకుండా ఇప్పుడు సెప్తావేటే?" ఆయన గొంతులో కోపం లేదు, నిజంగానే ఆశ్చర్యం ఉంది. "నీకు ముందే సెప్పినాను. నువ్వు లెగకపోతే అందరం బాగుందుం. ఇయ్యాల నీకు స్కేలు కూడా అయిపోయుండేది."

అద్దం మళ్లీ పైకి వెళ్లింది.

పాడేరు ఉద్యోగం ఇంకెవరికో వచ్చింది. రత్నాలు రెండు సీజన్లు కాఫీ పళ్లు కోసింది. తర్వాత బస్టాండు ఎదుట మేడ మీద ఒకతను పెట్టిన కంప్యూటర్ సెంటర్‌లో పిల్లలకు నేర్పే పనిలో కుదిరింది. జీతం రేవులో వచ్చినదాంట్లో మూడో వంతు. నేను ఆమెను కలిసింది అక్కడే, 2009లో. ఆ వేళ సోని అనే అమ్మాయి వచ్చి ఉంది, అరకు వైపు పిల్ల, పంతొమ్మిదేళ్లుంటాయి. కోస్తాలో వేరే రేవులో గేటు పని దొరికింది, సోమవారం చేరాలి. రేవు మనుషుల సంగతులు అడగడానికి వచ్చింది. రత్నాలు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి తను ఎదురుగా నిలబడింది.

"ఈ పాస్‌వర్డు నీకెవులిచ్చినారు?"

"మా సారు..."

"కాదు. మల్లీ. ఎవులిచ్చినారు?"

"నాకు... తెలీదండి."

"కల్లు దించీసినావు. దించితే దొరికిపోతావు. మల్లీ."

"నాకు తెలీదండి." ఈసారి సోనికి నవ్వొచ్చింది. "అక్కా, మా ఊర్లో పెద్దోల్లు అడిగితే ఇలాగ సెప్తే ఇంట్లోకి రానివ్వరు."

"అది నీ ఊరు కాదు. నవ్వకు. ఈ లారీని ఎవులు వదిలినారు?"

"తెలీదండి."

"నువ్వు డ్యూటీలో ఉన్నావు కదా?"

"ఉన్నానండి. కంప్యూటరే వదిలీసినాదండి."

"ఎవరూ నిన్ను ఏమీ అనరు, నిజం చెప్పమ్మా." రత్నాలు ఈ మాటను నతానియేల్ గారి గుంటూరు యాసలో, ఎంతో మెత్తగా అంది.

సోని నోరు తెరిచి ఆగిపోయింది. మొహంలో ఏదో కదిలింది. రత్నాలు చేత్తో బల్ల మీద గట్టిగా చరిచింది.

"ఇక్కడే! ఇక్కడే సచ్చిపోతావు. మల్లీ."

ఇంకో మూడుసార్లు అడిగింది, మెత్తగానే. మూడోసారికి సోని కళ్లు దించలేదు, ఆగలేదు, నవ్వలేదు.

"నాకేటీ తెలీదండి."

రత్నాలు ఆ పిల్ల మొహాన్ని కాసేపు పరీక్షగా చూసింది.

"అదీ. అలాగే ఎల్లు" అంది.